మెసేజ్ ఏమీ రాదు, సిస్టమ్ మాత్రం బిగుసుకుపోతుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకే గోడు పదే పదే కనిపించింది. సిస్టమ్ ఆగిపోతుంది, ఎందుకో చెప్పదు. కాబట్టి ప్రింటర్ల గురించీ పాస్‌వర్డ్‌ల గురించీ అడిగినవాళ్లు ఇంకో నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: సార్, నమస్తే. మా డెస్క్‌టాప్ కొని ఐదేళ్లయింది. కొన్ని నెలలుగా ఉన్నట్టుండి స్ట్రక్ అయిపోతోంది. బ్లూ స్క్రీన్ రాదు, ఎర్రర్ మెసేజ్ రాదు, తెర మీద ఏముందో అది అలాగే నిలబడిపోతుంది, మౌస్ కూడా కదలదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఏమీ జరగనట్టే లేచి కూర్చుంటుంది. ఒక్కోసారి రోజుకు రెండుసార్లు ఆగుతుంది, ఒక్కోసారి నాలుగైదు రోజులు అసలు గొడవే ఉండదు. విచిత్రం ఏంటంటే గేమ్ ఆడేటప్పుడు ఆగదు, ఊరికే ఏదో చదువుకుంటుంటే ఆగుతుంది. తెలిసినతను రెండుసార్లు ఫార్మాట్ కొట్టి విండోస్ వేశాడు, రెండుసార్లూ రెండ్రోజులు బాగుండి మళ్లీ మొదలు. యాంటీవైరస్ మార్చాం, లోపల దుమ్ము దులిపాం. ఆర్నెల్ల కిందట ర్యామ్ ఇంకో 8 జీబీ వేయించాం, దాంతో స్పీడ్ కూడా పెరిగింది. ఇప్పుడేమో మదర్‌బోర్డ్ పోయిందంటున్నారు. కొత్తది కొనేయమంటారా?

జవాబు: వద్దు. ఇప్పుడే వద్దు. మదర్‌బోర్డ్ పోయిందన్నవారు ఏం చూసి అన్నారో ఒకసారి అడిగి చూడండి. చాలాసార్లు "అన్నీ అయిపోయాయి, ఇంకేం మిగిలింది" అన్నది తప్ప వేరే ఆధారం ఉండదు.

మీ ఉత్తరంలోనే పనికొచ్చే సంగతులు మూడున్నాయి, మీరు వాటిని మాటవరసకు చెప్పి దాటేశారు. వాటి దగ్గరికి వస్తాను గానీ, ముందు మెసేజ్ ఎందుకు రాదో చెప్పనివ్వండి.

బ్లూ స్క్రీన్ అంటే అందరికీ హడలే. కానీ అది వచ్చిందంటే విండోస్ ఇంకా స్పృహలో ఉన్నట్టు. ఎక్కడో తేడా కొట్టిందని అది పసిగట్టింది, పని ఆపింది, ఒక కోడ్ చూపించింది, మెమరీలో ఉన్నదాన్ని డిస్క్ మీద రాసిపెట్టింది. ఇంత పని జరగాలంటే ప్రాసెసర్ నడుస్తూ ఉండాలి, డిస్క్ చెప్పిన మాట వినాలి. ప్రాసెసరే ఎవరి జవాబు కోసమో ఎదురుచూస్తూ నిలబడిపోతే, లేదా డిస్కే పలకడం మానేస్తే, ఫిర్యాదు రాసేదెవరు, రాసేదెక్కడ? కాపలావాడే కళ్లు తిరిగి పడిపోయిన ఇల్లు అది. మామూలు ప్రోగ్రామ్ ఏదైనా తప్పు చేస్తే ఎక్కువగా ఆ ప్రోగ్రామ్ ఒక్కటే మూసుకుపోతుంది, మౌస్ బాణాన్ని కూడా కదలనివ్వకుండా మొత్తాన్ని రాయి చేసే శక్తి దానికి సాధారణంగా ఉండదు. అందుకని మౌస్‌తో సహా అంతా ఆగిపోయి, మెసేజ్ కూడా లేదంటే నేను చూసేది డ్రైవర్లు (ఒక్కో పరికరాన్నీ నడిపించే ప్రోగ్రామ్‌లు), బయోస్ (విండోస్ కంటే ముందే లేచే, బోర్డ్‌లోనే ఉండే ప్రోగ్రామ్) సెట్టింగులు, ర్యామ్, డిస్క్, కరెంట్ ఇచ్చే ఎస్ఎంపీఎస్. యాంటీవైరస్ మార్చడం తప్పు కాదు, అది కూడా లోపల డ్రైవర్ పెట్టుకునేదే, కానీ మీ విషయంలో అక్కడ ఫలితం రాలేదు కాబట్టి వదిలేద్దాం.

ఇక మీరు దాటేసిన మొదటి సంగతి: ఫార్మాట్ చేశాక రెండ్రోజులు బాగుందన్నారు. సార్, మీ సిస్టమ్ ఏమీ చేయకపోయినా నాలుగైదు రోజులు బాగుంటుందని మీరే రాశారు కదా! అలాంటప్పుడు ఆ రెండ్రోజులు ఫార్మాట్ పుణ్యమని ఎలా అంటాం? ఇలా అప్పుడప్పుడూ వచ్చే జబ్బుల్లో ఇదే పెద్ద మోసం. ఏ మందు వేసినా కాసేపు తగ్గినట్టే ఉంటుంది, ఎందుకంటే అది మందు వేయకపోయినా కాసేపు తగ్గేదే. దీనికి నేను పాటించే లెక్క ఒకటుంది. సగటున ఎన్ని రోజులకు ఒకసారి ఆగుతోందో చూడండి, దానికి మూడు రెట్లు రోజులు ఒక్కసారి కూడా ఆగకుండా గడిస్తే అప్పుడు తగ్గిందనుకోవచ్చు. మూడు రోజులకోసారి ఆగే సిస్టమ్ తొమ్మిది రోజులు ఆగకుండా నడిచిందంటే, అది కేవలం అదృష్టం అయ్యే అవకాశం సుమారు 5 శాతమే. ఒక్కరోజు బాగుంటే దానికి అర్థమే లేదు. బోర్ కొట్టే లెక్కే గానీ, నాకు తెలిసి ఇంతకంటే అడ్డదారి లేదు.

దీనికి ఒక పుస్తకం కావాలి. నిజంగా పుస్తకమే, సిస్టమ్‌లో ఫైల్ కాదు, ఆగిపోయేది అదే కదా. ఆగిన తేదీ, టైమ్, అప్పుడు ఏం చేస్తున్నారు, ఆన్ చేసి ఎంతసేపైంది, ఇంతే. టైమ్ చూసుకోవడం మర్చిపోయినా ఫర్వాలేదు, మళ్లీ ఆన్ చేశాక విండోస్ రాసుకునే చిట్టాలు చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో 6008 నంబర్ ఎంట్రీ వెతకండి, అంతకుముందు సిస్టమ్ ఇన్ని గంటలకు అనుకోకుండా ఆగిందని దాంట్లో ఉంటుంది. దాని పక్కనే కెర్నల్-పవర్ 41 అని ఎర్ర గుర్తుతో ఇంకోటి కనిపిస్తుంది, చాలామంది దాన్ని పట్టుకుని పవర్ సప్లై పోయిందని తేల్చేస్తారు. అది మళ్లీ ఆన్ అయ్యాక విండోస్ రాసుకున్న ముక్క, "ఇందాక సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని దాని భావం, అంతే. బటన్ నొక్కి పట్టుకుని ఆపింది మీరేగా, అది రాక ఏమవుతుంది. చూడాల్సింది సిస్టమ్ ఆగడానికి ముందు పది పదిహేను నిమిషాల్లో ఏమైనా ఉందా అని. డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో ఎంట్రీలుంటే ప్రాసెసరో, మెమరీయో, పీసీఐ స్లాట్‌లో ఉన్న కార్డో తప్పు చూపిస్తోందని. డిస్క్ పేరుతో 7 గానీ, 153 గానీ, స్టోరేజ్ డ్రైవర్ పేరుతో 129 గానీ ఉంటే డిస్క్ లేదా దాని కేబుల్. ఏమీ లేకపోతే అది కూడా రాసుకోండి.

ఇంకోసారి ఆగినప్పుడు చెయ్యి వెంటనే పవర్ బటన్ మీదికి పోనివ్వకండి. ముందు క్యాప్స్ లాక్ నొక్కి కీబోర్డ్ మీద లైట్ వెలిగి ఆరుతోందా చూడండి (లైట్ లేని కీబోర్డ్ అయితే కాసేపు ఎవరిదైనా అరువు తెచ్చుకోండి). వెలిగి ఆరుతోందంటే లోపల ప్రాణం ఉంది, తెర మాత్రమే చచ్చింది. అసలు మారకపోతే మొత్తం ఆగినట్టే. ఒక పాట పెట్టుకుని పని చేసుకోవడం ఇంకా మంచిది. పాట సాగుతోందా, టక్కున ఆగిందా, లేక ఒకే ముక్క "డ్ర్ర్ర్" అని గీతపడ్డ రికార్డులా తిరుగుతోందా? మూడో రకమైతే సౌండ్ కార్డ్ తన దగ్గరున్న చివరి ముక్కనే వాయిస్తోంది, కొత్త ముక్క ఇచ్చేవాడు లేడు, అంటే మొత్తం ఆగింది. డిస్క్ లైట్ వెలుగుతూ ఉండిపోయిందా అన్నది కూడా చూసి, ఒక ఐదు నిమిషాలు ఆగండి. తనంతట తను తేరుకుంటే కథ వేరు, దాని గురించి కింద ఇంకో పాఠకురాలి ప్రశ్నలో చెప్పాను.

రెండో సంగతి ర్యామ్. ఆర్నెల్ల కిందట వేయించాం అన్నారు, కొన్ని నెలలుగా ఆగుతోంది అన్నారు, ఈ రెండు వాక్యాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివి చూడండి! స్పీడ్ పెరిగింది కాబట్టి అది బాగుందని మీరు అనుకున్నారు, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ కోట్ల గడుల్లో ఒక్క గడి తప్పు చెప్పినా స్పీడ్‌లో తేడా ఏమీ రాదు. ఆ గడిలో ఆ క్షణాన ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫొటోలో ఒక చుక్క రంగు ఉంటే మీకు తెలియను కూడా తెలియదు, విండోస్ తనకోసం రాసుకున్న చిరునామా ఉంటే అంతటితో సరి. ఏ రోజు ఏది వచ్చి ఆ గడిలో పడుతుందో చెప్పలేం, అందుకే ఈ ఆగడానికి ఒక పద్ధతీ పాడూ ఉండదు. పెద్ద సర్వర్లలో ఈసీసీ అని తప్పుని తనే పట్టుకుని దిద్దుకునే ర్యామ్ వాడతారు, ఇళ్లలో ఉండే సిస్టమ్‌లలో సాధారణంగా అది ఉండదు.

కాబట్టి మొదటి పరీక్ష: కొత్తగా వేసిన 8 జీబీ తీసేయండి. స్విచ్ ఆపి, వైర్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంట్ పోయేలా చేసి, అప్పుడు తీయండి. ర్యామ్ ఒక్కటే మిగిలితే దాన్ని ఏ స్లాట్‌లో పెట్టాలో బోర్డ్ మాన్యువల్‌లో ఉంటుంది, నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. పాత ర్యామ్ ఒక్కదానితో పైన చెప్పిన లెక్క ప్రకారం అన్ని రోజులు వాడండి. ఆగలేదనుకోండి, కొత్త ర్యామ్ చెడిందని ఇంకా అనకండి, కొత్తదాన్ని ఒక్కదాన్నే పెట్టి అన్ని రోజులూ వాడండి. విడివిడిగా రెండూ మంచివై, కలిస్తే పడకపోవడం కూడా ఉంటుంది. వేర్వేరు ర్యామ్‌లు కలిసినప్పుడు అది మామూలే.

ర్యామ్ తీసే ముందు బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ అనేది ఆన్‌లో ఉందేమో చూడండి, కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అనో ఎక్స్‌పో అనో ఉంటుంది. ర్యామ్ డబ్బా మీద 3600 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే అది ఈ సెట్టింగ్ ఆన్ చేస్తే వచ్చే స్పీడ్. డీడీఆర్4 రకం ర్యామ్‌కి ప్రమాణం ప్రకారం స్పీడ్ 3200 దాకానే, పైనున్నదంతా ఓవర్‌క్లాకింగే, అంటే హద్దు దాటి పరిగెత్తించడమే, కంపెనీవాళ్లు ఆ మాట చిన్న అక్షరాలతో రాస్తారు. ఆ ర్యామ్ ఆ స్పీడ్‌లో నడుస్తుందని హామీ ఉన్నా, మీ ప్రాసెసర్, మీ బోర్డ్, మీ పాత ర్యామ్ దాన్ని తట్టుకుంటాయన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఆఫ్ చేసి చూడటానికి రెండు నిమిషాలు చాలు. నన్నడిగితే అసలు ఇదే మొదటి పని.

మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, దాని నుంచే సిస్టమ్ ఆన్ చేసి రాత్రంతా వదిలేయవచ్చు. పొద్దున చూస్తే ఎర్రర్లు సున్నా ఉండాలి. "ఒక్కటే వచ్చింది, ఫర్వాలేదా" అని అడుగుతారు, ఫర్వా ఉంది, ఒక్కటి వచ్చినా ఏదో తేడా ఉన్నట్టే. ఇటు సున్నా వచ్చినంత మాత్రాన ర్యామ్ నిర్దోషి అని కూడా కాదు, ఆ పరీక్ష నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ ఖాళీగా ఉంటుంది, డిస్క్ ఖాళీగా ఉంటుంది, అసలు సంసారం వేరుగా ఉంటుంది. తప్పు దొరికితే నమ్మండి, దొరక్కపోతే పూర్తిగా నమ్మకండి.

మూడో సంగతి, గేమ్ ఆడేటప్పుడు ఆగదు, చదివేటప్పుడు ఆగుతుంది అన్నది. దీంట్లో ఒక చిక్కుంది. వారంలో గేమ్ ఎన్ని గంటలు ఆడతారు, చదవడం ఎన్ని గంటలు? గేమ్ మూడు గంటలు, చదవడం ముప్ఫై గంటలు అయితే చదివేటప్పుడే ఎక్కువ ఆగడం సహజం, దానికి పెద్ద అర్థం లేదు. గేమ్ కూడా బాగానే ఆడతారంటే మాత్రం ఇది గట్టి ఆధారం. చేసే పని లేనప్పుడు ప్రాసెసర్ కునుకు తీస్తుంది, ఒక్కో భాగానికి కరెంట్ ఆపేసుకుంటూ లోతు నిద్రలోకి పోతుంది, మీరు మౌస్ కదిపితే లేస్తుంది, సెకనుకు ఎన్నోసార్లు ఈ పడుకోవడం లేవడం జరుగుతుంటుంది. ఆ లేచే క్షణంలో వోల్టేజ్ సరిగా అందకపోతే లేవదు. 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఇదే పెద్ద చర్చ, లోతు నిద్రలో అవి తీసుకునే కరెంట్ 0.05 ఆంపియర్లకు దిగిపోయేది, అంత తక్కువ కరెంట్ ఇస్తూ నిలకడగా ఉండటం కొన్ని పాత ఎస్ఎంపీఎస్‌లకు చేతకాలేదు. ఏఎండీ రైజెన్ బోర్డులు చాలావాటి బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆటో నుంచి టిపికల్ కరెంట్ ఐడిల్‌కి మార్చడం ఇలాంటి జబ్బుకి చాలామందికి పనిచేసిన చిట్కా. ఇంటెల్ అయితే సీ-స్టేట్స్ (ఈ నిద్ర మెట్లకు పేరు) అన్నచోట లోతువాటిని ఆపి చూడవచ్చు. కరెంట్ కొంచెం ఎక్కువ కాలుతుంది, పరీక్ష కోసమే కదా.

అయితే ఇవన్నీ ఒకేరోజు చేయకండి. ఇక్కడ నా సొంత ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఒకప్పుడు నా సిస్టమ్ ఇలాగే ఏడిపిస్తుంటే విసుగెత్తి ఒకే ఆదివారం ర్యామ్ మార్చాను, ఎస్ఎంపీఎస్ మార్చాను, బయోస్ అప్‌డేట్ చేశాను. రోగం కుదిరింది. ఏ మందుకి కుదిరిందో మాత్రం తెలియదు, అప్పటికి నాకు పట్టింపు కూడా లేదు. ర్యామే చెడ్డదని నాకు నేనే తేల్చేసుకుని దాన్ని పారేశాను, పాత ఎస్ఎంపీఎస్ మంచిదే కదా అని చుట్టాలబ్బాయి సిస్టమ్‌కి బిగించి పెద్దమనిషిలా ఇంటికొచ్చాను. నెల తిరక్కుండా ఫోన్. "బాబాయ్, మీరొచ్చి వెళ్లినప్పటి నుంచి ఇది ఆగిపోతోంది." మంచి ర్యామ్ చెత్తబుట్టలో, చెడ్డ ఎస్ఎంపీఎస్ ఇంకొకరి ఇంట్లో.

ఎస్ఎంపీఎస్ సంగతి వచ్చింది కాబట్టి, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించడం కుదరదు. తెర మీద 12 వోల్టుల దగ్గర ఏదో అంకె చూపిస్తాయి గానీ అవి నమ్మదగ్గవి కావు. మల్టీమీటర్‌తో చూస్తే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, కానీ క్షణంలో వెయ్యో వంతు పడిపోయి లేచేది మీటర్‌కి దొరకదు. మంచిదని తెలిసినదాన్ని ఎవరి దగ్గరైనా అడిగి బిగించి చూడటమే అసలు పరీక్ష. అందుకే దీన్ని చివర్లో పెట్టాను.

వేడి వల్ల ఆగుతోందని చాలామంది అంటారు. ఇప్పటి ప్రాసెసర్లు 90, 100 డిగ్రీల దగ్గరికి వస్తే తామే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ చల్లబడకపోతే సిస్టమ్ టప్పున ఆరిపోతుంది. చదువుకుంటుంటే బిగుసుకుపోయేది వేడి జబ్బులా లేదు. దుమ్ము దులిపారు, మంచిదే.

బయోస్ అప్‌డేట్ గురించి ఒక హెచ్చరిక. కొత్త బయోస్‌లో ర్యామ్ పొత్తు కుదిరేలా దిద్దుబాట్లు వస్తుంటాయి కాబట్టి చేయదగ్గదే, కానీ ఎప్పుడు ఆగుతుందో తెలియని సిస్టమ్ మీద, అప్‌డేట్ సగంలో ఉండగా ఆగిందంటే అప్పుడు నిజంగానే మదర్‌బోర్డ్ పోతుంది. ముందు ఎక్స్ఎంపీ ఆపి, ఒక్క ర్యామ్‌తో, పైన చెప్పిన లెక్క ప్రకారం అన్ని రోజులు నిలకడగా ఉందనిపించాకే ఆ పని పెట్టుకోండి.

ఇంతా చేసి తేలకపోతే విండోస్ తప్పా, హార్డ్‌వేర్ తప్పా అని తేల్చే ఇంకో పరీక్ష ఉంది. లైనక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడపవచ్చు, డిస్క్ కేబుల్ పీకేసి అలా నడిపించి రెండు మూడు రోజులు దానిమీదే చదువుకోండి. అక్కడా ఆగిందంటే విండోస్‌కీ డిస్క్‌కీ సంబంధం లేదు. ఇంకోసారి ఫార్మాట్ కొట్టించే ఖర్చయినా తప్పుతుంది.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ పూర్తిగా ఆగిపోదు సార్. మౌస్ బాణం కదులుతుంది, కానీ ఎక్కడ నొక్కినా ఏదీ తెరుచుకోదు. నలభై సెకన్లు, ఒక్కోసారి నిమిషం పైన. ఆ తర్వాత నేను విసుగుతో నొక్కినవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. హార్డ్ డిస్క్ పాతదే. ర్యామ్ పెంచితే పోతుందా?

జవాబు: అమ్మా, ఈ పేజీ పక్కన పెట్టి ముందు మీ ఫొటోలు, ముఖ్యమైన ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోండి. నిజంగానే చెప్తున్నా. తర్వాత వచ్చి చదవండి.

మీరు రాసింది డిస్క్ జబ్బు లక్షణం. డిస్క్ మీద ఒకచోట చదవడం కష్టమైతే అది వెంటనే చేతులెత్తేయదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, విండోస్ కూడా మర్యాదగా వేచి ఉంటుంది, మామూలుగా 60 సెకన్ల దాకా. బాణం ఎందుకు కదులుతుందంటే దాన్ని కదపడానికి డిస్క్‌తో పని లేదు, తెరవమని అడిగినదానికి పని ఉంది. చివరికి చదవగలిగితే ఏమీ జరగనట్టు సాగిపోతుంది, ఎర్రర్ ఎందుకు చూపిస్తుంది?

కాపీ అయ్యాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. పైన "గుడ్" అని నీలంగా ఉన్నా తృప్తిపడకుండా కింద వరసల్లో 05, సీ5, సీ6 అన్నవి చూడండి. 05 అంటే చెడిపోయి పక్కన పెట్టేసిన చోట్లు, సీ5 అంటే చెడాయేమోనని అనుమానంలో ఉన్నవి, సీ6 అంటే చదవలేకపోయినవి. సున్నాలు ఉంటే మంచిది. సీ5లో అంకె ఉండి అది వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్ ప్రయాణం కట్టినట్టే. సీ7 ఒక్కటే పెరుగుతుంటే సంతోషించండి, అది ఎక్కువగా కేబుల్ లేదా కనెక్టర్ తప్పు. అంకెలు మామూలు లెక్కలో కాకుండా ఏ, బీ, సీ అక్షరాలు కలిసిన హెక్స్‌లో కనిపిస్తాయి, సెట్టింగుల్లో మార్చుకోవచ్చు, లేకపోతే 10 అని చూసి పది అనుకుంటారు, అది పదహారు.

డిస్క్‌ని మొత్తం వెతికి రిపేర్ చేసే చెక్ డిస్క్ ఆదేశం ఇవ్వమని ఎవరైనా చెప్తారు. కాపీ చేసుకోకముందు వద్దు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిగెత్తించడమే అది.

ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో చేసిన డిస్క్) ఉంటే ఈ బాధ ఉండదని అనుకోకండి, వాటికి వాటి బాధలు. దాదాపు నిండిపోయిన ఎస్ఎస్‌డీ రాయడానికి చోటు సర్దుకుంటూ ఇలాగే తడబడుతుంది, కొంత ఖాళీ వదలాలి. వాటి లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రామ్‌లో కూడా తప్పులుంటాయి. క్రూషియల్ ఎం4 అనే ఎస్ఎస్‌డీకి అప్పట్లో ఒక వింత జబ్బు ఉండేది, మొత్తం 5184 గంటలు నడిచాక అది పలకడం మానేసేది, ఆఫ్ చేసి ఆన్ చేస్తే లేచి, మళ్లీ గంటకు పడిపోయేది. 2012 జనవరిలో కంపెనీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చాకే తగ్గింది. ఎన్ని ర్యామ్‌లు మార్చినా, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అది తగ్గేది కాదు.

మీ అసలు ప్రశ్నకి: ర్యామ్ నిండిపోయినా ఇలాంటి తడబాటే వస్తుంది, ఎందుకంటే అప్పుడు విండోస్ డిస్క్‌ని ర్యామ్‌లా వాడుకుంటుంది. టాస్క్ మేనేజర్ ముందే తెరిచి పెట్టుకోండి. ఆగినప్పుడు మెమరీ 95 శాతం దాటి ఉంటే ర్యామ్ పెంచండి. మెమరీ సగమే ఉండి డిస్క్ మాత్రం 100 దగ్గర నిలబడి, రాసే చదివే స్పీడ్ సున్నా దగ్గర ఉంటే డబ్బులు డిస్క్ మీద పెట్టండి.

ప్రశ్న: వీడియో చూస్తుంటే బొమ్మ ఆగిపోతుంది, మాటలు మాత్రం వినిపిస్తూనే ఉంటాయి. చివరికి బటన్ నొక్కి ఆపాల్సిందే. ఇది కూడా ర్యామేనా?

జవాబు: కాకపోవచ్చు. మాటలు వస్తున్నాయంటే ప్రాసెసర్, మెమరీ, డిస్క్ పని చేస్తున్నాయి, పడిపోయింది బొమ్మ గీసేవాడు. ఈసారి ఆగినప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి, ఈ నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒకసారి మిణుక్కుమని, చిన్న బీప్ వచ్చి బొమ్మ తిరిగొస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ అనుకోండి, ఈ చిట్కా దాన్ని మళ్లీ మొదలుపెట్టిస్తుంది.

గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్లు పలక్కపోతే విండోస్ తనే దాన్ని లేపాలని చూస్తుంది, లేస్తే ఈవెంట్ వ్యూయర్‌లో డిస్‌ప్లే పేరుతో 4101 నంబర్ ఎంట్రీ పడుతుంది. అది కనిపించిందంటే డ్రైవర్ని పూర్తిగా తీసేసి, చిప్ తయారుచేసిన కంపెనీ ఇచ్చే డ్రైవర్ని వేయండి. సరికొత్తది వేసిన దగ్గర నుంచే జబ్బు మొదలైతే పాతదానికి వెనక్కి వెళ్లండి, ఇందులో నామోషీ ఏం లేదు. బ్రౌజర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (బొమ్మ పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించడం) ఆపి వీడియో చూడటం కూడా మంచి పరీక్ష. విడి గ్రాఫిక్స్ కార్డ్ ఉండి, ప్రాసెసర్‌లోనూ గ్రాఫిక్స్ ఉంటే కార్డ్ తీసేసి, మానిటర్ వైర్ బోర్డ్‌కే పెట్టి కొన్నాళ్లు నడపండి. కార్డ్‌కి రెండు పవర్ కనెక్టర్లు ఉన్నప్పుడు ఒకే వైర్ చివర ఉన్న రెండు కొసల్నీ పెట్టేయకుండా ఎస్ఎంపీఎస్ నుంచి రెండు విడి వైర్లు తీసుకోవడం మేలు.

ప్రశ్న: నాది ఇంటెల్ 14వ తరం ఐ9. కొన్నప్పుడు రాకెట్, ఇప్పుడు ఆగిపోతోంది, గేమ్‌లు మూసుకుపోతున్నాయి. ర్యామ్ మార్చి చూశాను, మెమ్‌టెస్ట్ శుభ్రం.

జవాబు: బయోస్ ఎప్పటిదో చూడండి. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నిటికి అవసరానికి మించి వోల్టేజ్ వెళ్లి అవి నిలకడ కోల్పోతున్నాయని ఇంటెల్ 2024 జూలైలో ఒప్పుకుంది, ఆగస్టులో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) దిద్దుబాట్లు వచ్చాయి, అవి బోర్డ్ కంపెనీ ఇచ్చే బయోస్ అప్‌డేట్‌లో ఉంటాయి. కానీ అప్‌డేట్ ముందున్న నష్టాన్ని పూడ్చదు. అప్‌డేట్ చేసి, బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగులు పెట్టాక కూడా ఆగుతుంటే ప్రాసెసర్‌నే మార్పించుకోవాలి. ఈ ప్రాసెసర్లకు విడిగా కొన్నవాళ్లకు వారంటీని ఇంటెల్ ఇంకో రెండేళ్లు పెంచింది, బిల్లు వెతికి పెట్టుకోండి. ముందే బిగించి అమ్మిన సిస్టమ్ అయితే అమ్మిన కంపెనీనే అడగాలి.

ప్రశ్న: ఆగినప్పుడల్లా బటన్ నొక్కి పట్టుకుని ఆపుతున్నాం. ఇలా చేస్తే సిస్టమ్ పాడవుతుందని మా నాన్నగారు కోప్పడుతున్నారు. నిజమేనా?

జవాబు: నాన్నగారిది పూర్తిగా తప్పు కాదు. నాలుగు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే కరెంట్ కోసేసినట్టే, ఆ క్షణంలో డిస్క్ మీద రాస్తున్నది సగంలో పోతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి తను చేసే మార్పుల్ని ముందే ఒక చిట్టాలో రాసుకుంటుంది కాబట్టి మొత్తం డిస్క్ చిందరవందర కావడం అరుదు, మీరు సేవ్ చేయని పని మాత్రం పోతుంది. తప్పనిసరైతే నొక్కండి. డిస్క్ లైట్ టకటకా కొట్టుకుంటుంటే మాత్రం అది ఆరేదాకా ఆగి నొక్కండి. విండోస్ అప్‌డేట్ సగంలో ఉన్నప్పుడు అరగంటైనా ఓపిక పట్టండి, ఆగినట్టే కనిపించి లోపల పని చేసుకుంటూ ఉంటుంది.